అవ్వ ఆఫీసరును కొట్టలేదు

ఈ సంగతి కాగితం మీద పెట్టక తప్పదని మొన్న ఆళ్లగడ్డ బస్టాండులో టీ తాగుతుండగా తేలిపోయింది. పక్క బెంచీ మీద ఇద్దరు మాట్లాడుకుంటున్నారు. చెరువు కట్ట మీద ఒక అవ్వ విజయవాడ నుంచి వచ్చిన పెద్ద ఆఫీసరును చెంప మీద కొట్టిందట. ఒకాయన ఒక్క దెబ్బే అంటాడు. రెండో ఆయన రెండు చెంపలూ వాయించిందంటాడు. నేను గ్లాసు పట్టుకుని వింటూ కూర్చున్నాను. ఆ ఆఫీసరును కట్ట దాకా తీసుకుపోయిన బండి డ్రైవరును నేనే. అవ్వ చెయ్యి ఆయన మొహం మీద పడిన మాట నిజం. కొట్టిన మాట అబద్ధం. ఈ రెండింటి మధ్యా జరిగినది ఉద్యోగాల్లో కొత్తగా చేరే పిల్లలకు పనికొస్తుందని రాస్తున్నాను. పనికి రాకపోయినా కాసేపు నవ్వుకోవచ్చు.

ఎవరి పేరూ రాయను. అందరూ నిక్షేపంగా ఉన్నారు, అందరి దగ్గరా నా ఫోన్ నంబరు ఉంది.

నంద్యాల జిల్లా కేంద్రమైన తర్వాత యాత్రికుల కోసం ఒక చిన్న ఆఫీసు పెట్టారు. రెండు అద్దె గదులు, ఒక వ్యాను. మహానంది, యాగంటి, అహోబిలం చూపించి సాయంత్రానికి మనుషుల్ని రైల్వే స్టేషను దగ్గర దించడం మా పని. రిటైరయ్యే ముందు నా చివరి ఉద్యోగం ఆ వ్యాను నడపడమే. పదో తరగతితో బడి వదిలేసినా చదువు వదలని వాణ్ణి నేను. బండి ఖాళీగా ఉన్న రోజు నన్ను వెతకాలంటే ఆఫీసుకు కాదు, గ్రంథాలయానికి రావాలి. పేపర్లు చదివే గది దాటి, లోపలి బీరువాల దాకా పోయే పాఠకుల్లో నేనూ ఒకణ్ణని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాను.

ఆ బీరువాలో పక్షుల మీద ఒక పాత పుస్తకం ఉండేది. అట్ట లేదు, మొదటి పేజీలు లేవు, రాసిన మహానుభావుడెవరో తెలియదు. బొమ్మలు మాత్రం చక్కగా ఉండేవి, అన్నీ నలుపు తెలుపు. దాన్ని ఎన్నిసార్లు తెచ్చుకుని చదివానో లెక్కలేదు. గూడబాతు ఏం తింటుందో, లకుముకి పిట్ట గట్టులో బొరియ ఎలా తవ్వుతుందో అడిగిన వాళ్లకూ చెప్పేవాణ్ణి, అడగని వాళ్లకూ చెప్పేవాణ్ణి. రంగుల విషయంలోనే నా పాండిత్యం కొంచెం వెనకబడి ఉండేది. ఒకసారి కాలువ గట్టున నీలంగా మెరుస్తూ, ఎర్ర ముక్కుతో ఒక కోడిలాంటి పిట్ట కనిపిస్తే, ఎవరో పెంచుకునేది తప్పించుకొచ్చిందని యాత్రికులకు చెప్పాను.

"అన్నా, అది జంబుకోడే," అంది మా గైడు. "నీ పుస్తకంలో రంగులెయ్యలా, అంతే."

ఈ గైడు ఆళ్లగడ్డ వైపు అమ్మాయి. తండ్రి మిషన్ బడిలో పంతులు, తల్లి చర్చిలో పాటలు పాడుతుంది. మా ఆఫీసులో కాంట్రాక్టు మీద చేరింది. గుళ్ల గురించి ఎంత చక్కగా చెప్పేదో, వ్యానులో పోతూ చెట్ల మీదా నీళ్ల మీదా వాలిన వాటి గురించి అంతకన్నా చక్కగా చెప్పేది. నేను పుస్తకంలో చదివి తెలుసుకున్నవాణ్ణి, తను చిన్నప్పటి నుంచి చెరువుల వెంట తిరిగి, తర్వాత కాలేజీలో చదివి తెలుసుకున్న మనిషి. మా ఇద్దరికీ దారి పొడుగునా వాదనే. ఎక్కువసార్లు తనే గెలిచేది.

గుళ్లకు వచ్చే వాళ్లకు మన చెరువులు, మడుగులు, కాలువల కింది వరిమళ్లు కూడా చూపిద్దామన్న ఆలోచన ఆ అమ్మాయిదే. చలికాలంలో ఉత్తరాది నుంచి ఎన్ని రకాల పక్షులు దిగుతాయో మనవాళ్లకే తెలియదు. ఒక శీతాకాలం ప్రయోగంగా నడిపి చూడమన్నారు. వచ్చిన వాళ్లు సంతోషంగానే పోయారు. అయితే ఆ యాత్రను ఉంచాలా తీసేయాలా అన్నది హెడ్డాఫీసు నుంచి ఒక ఆఫీసరు స్వయంగా చూసి తేల్చాలన్నారు. ఉంచితే గైడు ఉద్యోగం ఉంటుంది. తీసేస్తే మార్చితో అమ్మాయి ఇంటికి పోవాలి. సంగతి ఇంతే, ఇందులో దాపరికం ఏమీ లేదు.

ఆఫీసరుకు ఏం చూపించాలో మాకు అనుమానం లేదు. ఆళ్లగడ్డ దాటి నల్లమల వైపు తిరిగితే ఒక ఊరి చెరువు ఉంది. ప్రతి చలికాలం ఆ నీళ్ల మీద పట్టెతల బాతులు దిగుతాయి. తెల్లటి తల, దాని మీద రెండు నల్ల పట్టెలు. హిమాలయాల మీదుగా ఎగిరి వస్తాయి. నా పుస్తకంలో నన్ను మోసం చెయ్యని బొమ్మ అదొక్కటే. నలుపు తెలుపులో ఎలా ఉందో, చెరువులోనూ దాదాపు అలాగే ఉంది.

ఆ బాతులంటే ఊరివాళ్లకు మొదట్లో గిట్టేది కాదు. పొద్దు వాలగానే శనగ చేలలో దిగి లేత కొసలు మేస్తాయి. రైతులు రేకు డబ్బాలు కొట్టి తరిమేవారు. గైడు వారం వారం ఆ ఊరికి పోయి అరుగుల మీద కూర్చుని నచ్చజెప్పింది. నేనూ పక్కన కూర్చుని మధ్యమధ్యలో పుస్తకం సంగతులు జోడించేవాణ్ణి. ఒకరోజు సర్పంచి అడిగాడు.

"ఏమప్పా, అంత పెద్ద కొండలు దాటి మన చెరువుకే యాలొస్తాయి? యాడా నీళ్లు లేవా?"

"నీళ్లు యాడైనా ఉండాయి పెదనాయనా," అంది అమ్మాయి. "మనిండ్లకు చుట్టాలొస్తారే, అట్ల వస్తాయి. తెలిసిన ఊరని వస్తాయి. చుట్టాల్ని డబ్బాలు కొట్టి తరుముతామా?"

ఈ మాట బాగా పనిచేసింది. సర్పంచి తల్లి, కట్టకు దగ్గరగా ఇల్లున్న అవ్వ, ఆ పూటే తీర్పు చెప్పింది. "చుట్టాలంట. రెండు కొసలు తింటే తిననీరా. మీ అత్తగారోళ్లు వస్తే అంతకంటే తినిపోలేదా?" అప్పటి నుంచి ఊళ్లో డబ్బాల మోత ఆగిపోయింది. చుట్టాలు అన్న ఆ మాట ఎంత లోతుకు దిగిందో మాకు అప్పుడు తెలియలేదు.

ఆఫీసరు వచ్చే వారం ముందు గైడు ఊరికి పోయి గట్టిగా చెప్పింది. మైకు వద్దు, డప్పులు వద్దు, కట్ట మీద గుంపు వద్దు. సర్పంచి అన్నిటికీ తలూపాడు. భోజనం పెట్టడానికి మాత్రం ఒప్పుకోక తప్పలేదు. భోజనానికి షామియానా వేయడానికి ఆళ్లగడ్డ సప్లయరు సాయిబును పిలిపించారు. ఆయన నాకు పాత స్నేహితుడు, ఆయన గుడ్డలు, గిన్నెలు లేకుండా ఆ చుట్టుపక్కల ఏ పెళ్లీ జరగదు.

ఆరోజు పొద్దున్నే నంద్యాలలో బయలుదేరాం. ఆఫీసరు మంచివాడే, పాపం, కానీ మనిషి మొత్తం ఫోనులో ఉన్నాడు. కుందూ వంతెన దగ్గర నీళ్ల మీద వాలిన కొమ్మపై లకుముకి పిట్ట కూర్చుంది. అమ్మాయి చూపించింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, "ఒక్క నిమిషం" అన్నాడు. ఆ నిమిషంలో పిట్ట చేపను పట్టి, కొమ్మకేసి కొట్టి, మింగి వెళ్లిపోయింది. శిరివెళ్ల దాటాక వరిమళ్లలో నత్తగుల్ల కొంగలు బారులు తీరి నడుస్తున్నాయి. ఆయన అవతలి మనిషితో ఏదో టెండరు గురించి వాదిస్తున్నాడు. కాలువ మలుపులో నీటికాకి రెక్కలు చాపి, తీగ మీద లుంగీ ఆరేసినట్టు నిలబడింది. అప్పటికి ఆయన కునుకు తీస్తున్నాడు. ఎదురుగా గేదె అడ్డం వస్తే నేను బ్రేకు కొట్టాను. ఆయన ఉలిక్కిపడి లేచి, "ఎవరు? ఎవరది? ఏమైంది?" అని వ్యాను అదిరేలా అరిచాడు.

"గేదె సార్," అన్నాను.

"సారీ. రాత్రుళ్లు నిద్ర ఉండదు నాకు. కన్ను మూస్తే ఫోనే," అన్నాడు. తర్వాత గైడు వైపు తిరిగి, "మీ రిపోర్టు చదివానమ్మా. బాగుంది. కానీ పిట్టల్ని చూపించడానికి ఒక మనిషి ఎందుకు? అక్కడో బోర్డు పెడితే సరిపోదా?" అన్నాడు.

అమ్మాయి, "చూసినాక చెప్పండి సార్," అంది. అద్దంలో చూశాను. దుర్భిణి తాడును వేలికి చుట్టుకుంటోంది, విప్పుతోంది.

చెరువు దగ్గరి మలుపు తిరిగేసరికి నా ప్రాణం లేచొచ్చింది. నీళ్ల మధ్యలో చాప పరిచినట్టు బాతులు. వెనక నల్లమల కొండలు. గాలి లేదు. ఆఫీసరు ఫోను జేబులో పెట్టాడు. దిగాడు. గైడు దుర్భిణి అందించింది. ఆయన దాన్ని కళ్లకు పెట్టుకుని చక్రం తిప్పుతున్నాడు. సరిగ్గా అప్పుడు షామియానా వెనక నుంచి పటాకుల సరం పేలింది.

చిన్న సరమేమీ కాదు. అది పేలి పేలి ఆగేసరికి చెరువు మీద ఏమీ మిగల్లేదు. ఒక్కసారిగా లేచిన బాతులు బూడిద రంగు దుప్పటి దులిపినట్టు పైకి పోయి, రెండు చుట్లు తిరిగి, కొండల వైపు కనుమరుగయ్యాయి. వాటి వెంట కొంగలు, కంకణం పిట్టలు, చివరికి కట్ట మీది కాకులు కూడా. ఆఫీసరు ఇంకా చక్రం తిప్పుతూనే ఉన్నాడు.

"కనబడట్లేదమ్మా. ఎటు వైపు?"

పొగలోంచి సర్పంచి పూలదండ పట్టుకుని నవ్వుతూ వచ్చాడు. గైడు ఆయన్ని చూసిన చూపు నేను మర్చిపోను.

"పెదనాయనా, చప్పుడు చెయ్యొద్దని చెప్పినా కదా!"

"చేయలేదు గదా పాపా. మైకు పెట్టలా. డప్పులు పెట్టలా. గుంపు గూడా వద్దంటివి, అందర్నీ ఇండ్లకాడ్నే ఉండమంటిమి."

"మరి సరం?"

"సరమా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "సరం చప్పుడెట్లయితాదీ? అది మర్యాద గదా. నువ్వే గదా చుట్టాలంటివి. ఇంత దూరం నుంచి వచ్చినోళ్లకు, సార్‌కు, అందరికీ కలిపి ఒకటి గాల్చకుంటే ఊరు మర్యాదేం గాను?"

బయటి జిల్లాల పాఠకులకు ఇది వింతగా ఉండొచ్చు. మా వైపు సరం కాల్చకుండా ఏ పెద్దమనిషీ బండి దిగడు. పెళ్లికొడుకు, గెలిచిన నాయకుడు, బదిలీ మీద వచ్చిన ఎస్సై, ఎవరైనా అంతే. చెవులకు అది మోత, మనసుకు నమస్కారం. ఆ ఊరివాళ్లు మాట తప్పలేదు. వాళ్ల లెక్కలో సరం చప్పుడు కిందికే రాదు.

అమ్మాయి ఏడవలేదు, తిట్టలేదు. దుర్భిణి నిలబెట్టడానికి తెచ్చిన మూడు కాళ్ల స్టాండును మడిచి, "అన్నా, బండి తిప్పుదామా," అంది.

"ఉండుమ్మా. తెలిసిన నీళ్లకు బాతులు తిరిగొస్తాయని పుస్తకంలో ఉంది."

"ఎంతసేపటికని ఉంది?"

"ఆ పేజీ లేదు."

ఇంత జరిగాక అవ్వ ఇంట్లోంచి బయటికొచ్చింది. చేతికి ఉల్లిపాయ తొక్కలు అంటుకుని ఉన్నాయి. కట్ట ఎక్కి ఖాళీ చెరువును చూసింది, కొడుకును చూసింది.

"సరం గాల్చి చుట్టాల్ని పంపిస్తివారా నాయనా! తినిపోయేదానికి గూడా లేకపాయె." తర్వాత ఊరి వైపు తిరిగి, "పిండిమిల్లు ఆపమని చెప్పు. మోటర్లు గూడా. ట్రాక్టర్లు తియ్యొద్దు. కుక్కల్ని కట్టేయండి. అవి వచ్చే దాకా ఎవురూ నోరు తెరవొద్దు. గమ్మునుండండి," అంది.

సర్పంచి ఏదో అనబోయాడు.

"నువ్వు ముందు గమ్మునుండు."

ఆ ఊరు మాట్లాడకుండా ఉండటం నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. అక్కడ ఇద్దరు మామూలుగా పలకరించుకున్నా పక్క వీధికి వినబడుతుంది. అలాంటిది మిల్లు ఆగింది. మోటర్లు ఆగాయి. గుడి దగ్గర రేడియోలో పాట సగంలో తెగిపోయింది. ఆడవాళ్లు గిన్నెలు గుడ్డ మీద పెడుతున్నారు. సాయిబు ఇనుప కుర్చీలు లాగితే చప్పుడవుతుందని వాటిని ఒక్కొక్కటే ఎత్తి మోసుకొచ్చి వేశాడు. నా చెవిలో, "భాయ్, ముప్పై ఏండ్ల సర్వీసులో కుర్చీని పసిబిడ్డను ఎత్తుకున్నట్ల ఎత్తుకునేది ఇదే ఫస్టు," అన్నాడు.

ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. వెళ్లిపోతానని అనబోతే అవ్వ విస్తరి వేసింది. వేసిన విస్తరి ముందు నుంచి ఎవరు లేస్తారు? జొన్నరొట్టె, వంకాయ కూర, శనక్కాయల పొడి, ఆపైన నెయ్యి కారుతున్న భక్షాలు, అంటే బొబ్బట్లు. ఆయన రెండు తిన్నాక మూడోది అవ్వే వేసింది. అప్పుడు ఆయన జేబులో ఫోను మోగింది. అవ్వ చెయ్యి చాపింది.

"అది గూడా గమ్మునుండల్ల నాయనా."

ఆయన ఒక్క క్షణం తటపటాయించి, ఫోను ఆపేసి, ఎందుకో ఆమె చేతిలోనే పెట్టాడు. అవ్వ దాన్ని కొంగున ముడేసుకుంది.

తిన్న తర్వాత ఆయన కట్ట మీది వేపచెట్టు కింది నులకమంచం మీద కాసేపు నడుము వాల్చాడు. ఇంకేముంది! కడుపు నిండా భక్షాలు, ఎక్కడా చప్పుడు లేదు, ఫోను లేదు. నిమిషాల్లో నిద్రపోయాడు. అలాంటి నిద్ర నేను పసిపిల్లల్లోనే చూశాను.

పొద్దు పడమటికి తిరిగింది. మేమంతా కట్ట అంచున నేల మీద కూర్చున్నాం. ముందు కొంగలు వచ్చాయి. తర్వాత కంకణాలు. చాలాసేపటికి కొండల వైపు నుంచి ఆంగ్, ఆంగ్ అని ముక్కుతో పలికినట్టు ఒక పిలుపు. రెండు పట్టెతల బాతులు వచ్చి చెరువు చుట్టూ తిరిగి చూసుకున్నాయి. పోయాయి. నా పుస్తకం పరువు కూడా వాటితోపాటు పోయిందనుకున్నాను. మళ్లీ వచ్చాయి, ఈసారి వెనక మందనంతా తీసుకుని. రెక్కలు బిగబట్టి, కాళ్లు ముందుకు చాపి నీళ్ల మీద జారుతూ దిగుతుంటే ఊరంతా ఊపిరి బిగబట్టింది. సర్పంచి రెండు చేతులతో నోరు మూసుకుని కూర్చున్నాడు. ఆయన కళ్లలో నీళ్లున్నాయి.

అంతా బాగుంది. చూడవలసిన మనిషి మాత్రం నిద్రపోతున్నాడు.

"లేపుదామా?" అన్నాను గుసగుసగా.

"పొద్దున వ్యానులో ఎట్ల లేచినాడో చూడలేదా అన్నా?" అంది గైడు. చూశాను. గేదె కూడా చూసింది. మంచం చెరువుకు రాయి విసిరేంత దూరంలో ఉంది. ఆయన ఒక్క కేక పెడితే సరం అక్కర్లేదు. పొద్దున ఒకసారి బెదిరినవి రెండోసారి బెదిరితే ఈ చలికాలానికి మళ్లీ రావని ఆ అమ్మాయి చెప్పింది. నా పుస్తకం కూడా కాదనలేదు.

సాయిబు వంగి, "నిద్రపోయినా వచ్చినాడు గదా. చూసినాడని రాసేసుకుంటే పాయె," అన్నాడు.

"నేను రాసేదిగాదు, ఆయప్ప రాసేది," అంది అమ్మాయి.

దుర్భిణి తీసి నీళ్ల వైపు చాలాసేపు చూసింది. ఆయన చూడకపోతే ఉద్యోగం పోతుంది. చూపించబోతే చెరువు ఖాళీ అవుతుంది. నేను నేల మీద గీతలు గీస్తున్నాను. కాసేపటికి తను దుర్భిణి దించింది.

"పడుకోనీలే అన్నా. ఆయప్ప మళ్లీ ఎప్పుడన్నా వస్తాడు. ఇవి రావు."

ఈ మాట అవ్వ వింది. మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని లేచింది. మంచం దగ్గరికి నడిచింది. మాలో ఎవరికీ ఆపే ధైర్యం లేదు, ఆపాలంటే మాట్లాడాలి. అవ్వ మంచం పట్టె మీద కూర్చుని, కుడి అరచేతిని ఆఫీసరు నోటి మీద గట్టిగా అదిమింది. ఎడమ చేత్తో భుజం తట్టింది. ఆయన కళ్లు తెరుచుకున్నాయి, పెద్దవయ్యాయి. "ఎవరు, ఎవరది" అన్నదంతా అవ్వ అరచేతిలోనే ఉండిపోయింది. ఆయన కొట్టుకోబోతే అవ్వ చెయ్యి తియ్యలేదు. మొహంలో మొహం పెట్టి, తన పెదవుల మీద ఎడమ చేతి వేలు పెట్టి, చెరువు వైపు తల తిప్పింది.

ఆయన అటు చూశాడు.

ఎంతసేపటికి అవ్వ చెయ్యి తీసిందో నేను చూడలేదు, ఎందుకంటే నేనూ చెరువునే చూస్తున్నాను. పొద్దు నేరుగా నీళ్ల మీద పడుతోంది. ఆ వెలుగులో మొదటిసారి తెలిసింది, పట్టెతల బాతు కాళ్లూ ముక్కూ నారింజ పసుపు రంగులో ఉంటాయని. ఇన్నాళ్లూ దూరం నుంచి చూడటం, నలుపు తెలుపు బొమ్మను నమ్మడం. ఆఫీసరు మంచం మీద నుంచి దిగి, చెప్పులు లేకుండా వచ్చి మా పక్కన నేల మీద కూర్చున్నాడు. గైడు దుర్భిణి ఇచ్చింది. ఈసారి ఆయన చక్రంతో పోట్లాడలేదు. బాతులు ఒక్కొక్క గుంపుగా లేచి శనగ చేల మీదికి పోయేదాకా ఎవరూ కదల్లేదు.

వ్యాను ఎక్కేటప్పుడు అవ్వ కొంగు ముడి విప్పి ఫోను ఇచ్చింది. "కోపం చేసుకోవాకు నాయనా."

ఆయన చేతులు జోడించాడు.

ఆళ్లగడ్డ దాకా ఆయన ఫోను ఆన్ చెయ్యలేదు. ఊరి దీపాలు కనబడుతుండగా, "ఆవిడ చెయ్యి ఉల్లిపాయ వాసన," అన్నాడు తనలో తాను. ఇంకాసేపటికి వెనక్కి తిరిగి, "బోర్డు చాలదమ్మా," అన్నాడు. "ఆ అమ్మ పని బోర్డు చెయ్యలేదు. నీ పని కూడా. యాత్ర ఉంటుంది, నువ్వూ ఉంటావు. ఒక్క షరతు."

"ఏంది సార్?"

"ఆ మంచం అక్కడి నుంచి తియ్యొద్దు. మధ్యాహ్నం భోజనం తర్వాత ఒక గంట ఎవరూ మాట్లాడకూడదని కార్యక్రమంలో రాయి. బాతులొస్తే చూస్తారు. రాకపోతే పడుకుంటారు."

మార్చి పోయింది, ఏప్రిల్ వచ్చింది, గైడు ఉద్యోగం ఉంది. నేను రిటైరయ్యాను. ఆ యాత్రలో ఇప్పటికీ ఆ గంట ఉంది. వచ్చిన వాళ్లు బాతుల ఫోటోల కన్నా ఆ మంచం ఫోటోలే ఎక్కువ తీసుకుంటారని విన్నాను.

ఇది రాయడానికి సాయపడిన వాళ్లకు దండాలు చెప్పాలి. పేర్లు రాయనన్నాను కాబట్టి పనుల పేర్లతోనే చెబుతాను. రంగులు సరిదిద్దిన గైడుకు. ఆ రోజు ఎవరెక్కడ కూర్చున్నారో కుర్చీలతో సహా గుర్తుచేసిన షామియానా సాయిబుకు. సరం సంగతి దాచకుండా రాయమన్న సర్పంచికి. అట్ట లేని పుస్తకాన్ని ఇన్నేళ్లుగా పారేయకుండా ఉంచిన లైబ్రేరియనుకు. బుద్ధిగా అడ్డం వచ్చిన శిరివెళ్ల గేదెకు. తిరిగొచ్చిన ఆ మొదటి రెండు బాతులకు.

చివరగా అవ్వకు. రాస్తున్నానని చెప్పడానికి ఆమె దగ్గరికే పోయాను. ఉల్లిపాయలు తరుగుతూ విన్నది.

"రాసుకోప్పా. కొట్టలేదని మాత్రం రాయొద్దు. ఆ మాట పుట్టినప్పట్నించి మావోడు చెప్పిన మాట వింటాండాడు."

అవ్వా, ఈ ఒక్కదానికి నన్ను మన్నించు. నువ్వు కొట్టలేదు. రాసేసినాను.